ఆదాయం కోటాలో ఆదాయం తక్కువున్న పిల్లకి చోటెందుకు లేదు? (పర్లాకిమిడి)

మహేంద్రతనయ
ఒడిశా సరిహద్దు పట్నం పర్లాకిమిడిలో సాయంత్రాలు పోటీ పరీక్షల పిల్లలకి లెక్కలు చెబుతుంటాను. ఫీజు ఏమీ లేదు, మా ఇంటి అరుగు మీదే. ఈమధ్య ఒక కేంద్ర ప్రభుత్వ క్లర్కు పరీక్ష ఫలితాలు వచ్చాయి. నా దగ్గర చదివిన ఇద్దరు రాశారు. ఒక అమ్మాయి ఓబీసీ. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి అప్పడాలు చేసి షాపులకి వేస్తుంది. అబ్బాయి ఓపెన్ కేటగిరీ. వాళ్లకి బజారులో బట్టల షాపు ఉంది, సొంత ఇల్లుంది. వాడికి ఈడబ్ల్యూఎస్ (ఓపెన్ కులాల్లో ఆదాయం తక్కువున్నవాళ్ల కోటా) సర్టిఫికెట్ వచ్చింది. మార్కులు అమ్మాయికి ఎక్కువ. ఉద్యోగం అబ్బాయికి. ఓబీసీ కటాఫ్ ఆమె మార్కులకి పైన ఆగిపోయింది, ఈడబ్ల్యూఎస్ కటాఫ్ వాడి మార్కులకి కిందకి దిగింది.

అబ్బాయి మీద నాకు కోపం లేదు. వాడూ నా శిష్యుడే, రాత్రుళ్లు కూర్చుని చదివాడు. కానీ ఆ పిల్ల వచ్చి "మాస్టారూ, అది పేదవాళ్ల కోటా కదా, మాది వాళ్లకంటే తక్కువ ఆదాయం కదా, మరి నేనెందుకు పనికిరాను?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. తెలిసినవాళ్లు చెప్పండి. ఆదాయం చూసి ఇచ్చే కోటాల వల్ల మన వెనకబడిన కులాల పిల్లలకి మేలు జరుగుతోందా, ఉన్న చోటు కూడా పోతోందా?

రాయగడ_రైలు
మాస్టారూ, రూలే అది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్లకి ఈడబ్ల్యూఎస్ వర్తించదు. ఆదాయం సున్నా అయినా వర్తించదు.

పాతపట్నం_గుంటడు
ఏటండీ, సున్నా ఆదాయం ఉన్నవాడు పేదవాడు కాదా?

రాయగడ_రైలు
పేదవాడే తమ్ముడూ. ఈ కోటాకి పేదవాడు కాదు.

గుణుపురం_గురు
మాస్టారు చెప్పిన షాపు కుర్రాడి సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిన ఇల్లు చెబుతాను, అది మా ఇల్లే. మా నాన్నగారు గుడిలో అర్చకులు. జీతమంటూ లేదు, పళ్లెంలో పడిందే. కార్తీకం, ధనుర్మాసం గడిస్తే మిగతా నెలలు అమ్మ ఎలా నెట్టుకొచ్చేదో మాకు తెలుసు. నేను, తమ్ముడు ఒకే ప్యాంటు మార్చుకుని కాలేజీకి వెళ్లాం. ఒక్క స్కాలర్‌షిప్ ఫారంలో కూడా మా పేరుకి గడి ఉండేది కాదు. 2019లో ఈ కోటా వచ్చాకే తమ్ముడికి పోస్టల్‌లో ఉద్యోగం వచ్చింది. ఇవాళ మా ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉందంటే దానివల్లే. దీన్ని అన్యాయం అంటే నేను ఒప్పుకోను. పేదరికానికి కులం లేదు.

మహేంద్రతనయ
గురుగారూ, మీ తమ్ముడికి ఉద్యోగం రావడం నాకు సంతోషమే. ఆ కోటా తీసేయమని నేను అడగలేదు. మా అమ్మాయిని ఎందుకు బయట నిలబెట్టారని అడిగాను.

బరంపురం_పట్టు
అంకెలు చూద్దాం. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27 శాతం. మిగిలిన 50.5 శాతం ఓపెన్. ఓపెన్ అంటే అగ్రకులాల వాటా అని చాలామంది అనుకుంటారు, అది అందరిదీ. మార్కులు ఉంటే ఎస్సీ పిల్లకీ అందులో చోటుంది. 2019లో ఆ 50.5 లోంచే 10 తీసి ఈడబ్ల్యూఎస్‌కి ఇచ్చారు. ఇప్పుడు ఓపెన్ 40.5. వెయ్యి పోస్టులుంటే ఇదివరకు 505 అందరికీ తెరిచి ఉండేవి, ఇప్పుడు 405.

పోయిన ఆ 100 పోస్టులు ఎక్కడివి? ఓపెన్ లిస్టులో కింది వందా. ఓపెన్ లిస్టు అడుగున ఎవరుంటారు? ఓబీసీల్లో బాగా చదివినవాళ్లు. యూపీఎస్సీ సివిల్స్ ప్రిలిమ్స్ 2019 కటాఫ్‌లు చూడండి: జనరల్ 98, ఓబీసీ 95.34, ఈడబ్ల్యూఎస్ 90. జనరల్‌కీ ఓబీసీకీ తేడా మూడు మార్కులు కూడా లేదు. అంటే ఓబీసీ పిల్లలు ఆ గీతకి ఆనుకునే గుంపుగా ఉన్నారు. గీత కొంచెం పైకి జరిగితే మొదట బయటపడేది వాళ్లే. బయటపడ్డవాళ్లు ఓబీసీ కోటాలోకి వచ్చి ఆ కటాఫ్‌ని పైకి నెడతారు. మాస్టారి శిష్యురాలికి తగిలింది ఆ దెబ్బే.

2020లో ఇంకా ఘోరం. జనరల్ 92.51, ఓబీసీ 89.12, ఈడబ్ల్యూఎస్ 77.55. ఓబీసీకీ ఈడబ్ల్యూఎస్‌కీ మధ్య పదకొండున్నర మార్కులు.

పలాస_జీడి
చర్చ వేడెక్కింది. ఇక్కడ జీడిపిక్కలు కాల్చుకోవచ్చు.

గుణుపురం_గురు
కటాఫ్ తక్కువ ఉందంటే ఆ పిల్లలు నిజంగా పేదవాళ్లు, కోచింగ్ లేనివాళ్లు అని కదా అర్థం? అది కోటాకి అనుకూలమైన వాదనే.

బరంపురం_పట్టు
గురుగారూ, కటాఫ్ దిగడానికి ఇంకో కారణం ఉంది. పోటీ పడేవాళ్ల సంఖ్యని బట్టి కోటా పెద్దదైతే కటాఫ్ దిగుతుంది. ఓబీసీలు దేశంలో ఎంతమంది, వాళ్లకి 27. ఓపెన్ కులాల్లో పేదలు ఎంతమంది, వాళ్లకి 10. ప్రభుత్వం వేసిన సిన్హో కమిషన్ 2010లో ఇచ్చిన రిపోర్టులో లెక్కలున్నాయి. 2004-05లో దారిద్ర్యరేఖకి దిగువన ఎస్టీల్లో 48.4 శాతం, ఎస్సీల్లో 38 శాతం, ఓబీసీల్లో 33.1 శాతం, మిగతా కులాల్లో 18.2 శాతం. ఈడబ్ల్యూఎస్‌కి మూలాధారంగా చెప్పే రిపోర్టే ఇది. పేదల్లో ఎక్కువమంది ఎక్కడున్నారో అదే చెప్పింది, కోటా మాత్రం ఆ మూడు గుంపుల్నీ వదిలేసి నాలుగో దానికి ఇచ్చారు.

ఇచ్ఛాపురం_అక్క
8 లక్షల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఈడబ్ల్యూఎస్‌కి ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు. అంటే నెలకి 66 వేలు. మా ఇచ్ఛాపురంలో గానీ అవతల బరంపురంలో గానీ నెలకి 60 వేలొచ్చే ఇంటిని పేదిల్లు అని ఎవరైనా అంటారా? కోటా వచ్చిన కొత్తల్లో 2.5 లక్షలు దాటితే ఇన్‌కంటాక్స్ శ్లాబులోకి వచ్చేవాళ్లం. అలా పన్ను శ్లాబులోకి వచ్చిన ఇల్లూ, పూట గడవని అర్చకుల ఇల్లూ ఒకే గదిలో పరీక్ష రాస్తే నెగ్గేది ఎవరు? గురుగారి తమ్ముడి లాంటివాళ్లకే ముందు నష్టం.

గుణుపురం_గురు
అక్కయ్యగారూ, ఈ మాటకి నేను అడ్డు చెప్పను. పరిమితి తగ్గించాలి. మా వాళ్లలోనే హైస్కూలు టీచర్ల పిల్లలు తన్నుకుపోతున్నారు.

జయపురం_వకీలు
చట్టం సంగతి చెబుతాను, తర్వాత మీరు పోట్లాడుకోండి. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 15(6), 16(6) అధికరణాలు చేర్చారు. పాత 15(4), 16(4) కింద ఉన్నవాళ్లకి, అంటే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి, ఇది వర్తించదని అందులోనే రాశారు. 8 లక్షల ఆదాయంతో పాటు ఆస్తి షరతులున్నాయి: 5 ఎకరాల సాగు భూమి ఉండకూడదు, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్ ఉండకూడదు, నోటిఫై అయిన మున్సిపాలిటీలో 100 చదరపు గజాల ఇంటి స్థలం, మిగతా చోట్ల 200 గజాల స్థలం ఉండకూడదు.

సుప్రీంకోర్టు 2022 నవంబర్ 7న ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా దీన్ని సమర్థించింది. కోటా ఉండొచ్చని చెప్పిన ముగ్గురు న్యాయమూర్తులు దినేశ్ మహేశ్వరి, బేలా త్రివేది, పార్దీవాలా. ఒప్పుకోనివాళ్లు రవీంద్ర భట్, అప్పటి ప్రధాన న్యాయమూర్తి లలిత్. భట్ గారి తీర్పు మన మాస్టారి శిష్యురాలు అడిగిన ప్రశ్న దగ్గరే నిలబడింది. ఆర్థిక ప్రాతిపదిక తప్పని ఆయన అనలేదు. పేదల కోసమని చెప్పి పేదల్లో ఎక్కువమందిని కులం చూసి బయట పెట్టడం సమానత్వానికి విరుద్ధం అన్నారు. మెజారిటీ మాత్రం, వాళ్లకి వేరే కోటా ఉంది కాబట్టి వివక్ష కాదంది. రివ్యూ పిటిషన్లు 2023 మేలో కొట్టేశారు.

పాతపట్నం_గుంటడు
వేరే కోటా ఉందట. మరి మాకు లేదు కదా వకీలు గారూ. మాది నది అటూ ఇటూ ఉన్న కుటుంబం. మా పెదనాన్న పిల్లలు పాతపట్నంలో, మా చిన్నాన్న పిల్లలు పర్లాకిమిడిలో. మధ్యలో మహేంద్రతనయ నది. ఏపీలో మాది బీసీ-డి. ఒడిశా జాబితాలో మా కులం పేరే లేదు. అక్కడ చిన్నాన్న కొడుకు ఓపెన్, వాడికి ఈడబ్ల్యూఎస్. ఇక్కడ నాకు ఓబీసీ. ఒకే తాత మనవలం, ఒకే ఇంటిపేరు. కేంద్ర పరీక్షలో వాడు నాకంటే తక్కువ మార్కులకి గట్టెక్కాడు. పండక్కి కలిస్తే ఇదే గొడవ, వాడు నన్ను బీసీ అన్నయ్యా అంటాడు, నేను వాణ్ని దొరా అంటాను.

మహేంద్రతనయ
నీ కేసు చాలు ఈ కోటా ఎలా పనిచేస్తుందో చెప్పడానికి. వాడికి వచ్చింది చిన్నాన్న పేదవాడు కాబట్టి కాదు, కులం జాబితాలో లేదు కాబట్టి.

జయపురం_వకీలు
జాబితాలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఇది మనవాళ్లకి ఎప్పటినుంచో ఉన్న దెబ్బ. మర్రి చంద్రశేఖరరావు కేసు 1990. ఆయనకి ఏపీలో ఎస్టీ హోదా, తండ్రి ఉద్యోగం బొంబాయిలో, అక్కడ మెడికల్ సీటు అడిగితే ఇవ్వలేదు. రాష్ట్రం మారితే ఎస్టీ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే మాట. సరిహద్దు జిల్లాల్లో పెళ్లి చేసుకున్నా, బతుకుతెరువుకి వచ్చినా ముందు ఏ తహసీల్ ఆఫీసులో ఏ కులం అన్నది తేల్చుకోవాలి.

ఆది_ఆంధ్ర_బిడ్డ
ఇంతసేపూ చదివాను. "పేదరికానికి కులం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. గురుగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను.

మాది బరంపురం. రెల్లి వాళ్లం. మా నాన్న మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుడు, పర్మనెంట్. పాత స్కేలు, జీతం బాగానే వస్తుంది. ఆదాయం లెక్క తీస్తే మేము గురుగారి చిన్ననాటి ఇంటికంటే బాగా ఉన్నవాళ్లమే. కానీ అద్దెకి ఇల్లు వెతికినప్పుడు ఏమైందో వినండి. ముందు అడ్వాన్స్ మాట్లాడారు, తర్వాత ఇంటిపేరు అడిగారు, తర్వాత నాన్న ఏం చేస్తారని అడిగారు. సాయంత్రానికి ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చేశారు. ఇది ఒక్క వీధిలో కాదు. డబ్బు చేతిలో పట్టుకుని తిరిగాం. చివరికి మా వాళ్ల కాలనీలోనే ఇల్లు దొరికింది. గురుగారి నాన్నగారు ఆకలితో ఉన్నా ఎవరింటికైనా వెళ్తే పీట వేసి కూర్చోబెట్టి కాళ్లకి నీళ్లిచ్చేవారు. మా నాన్న కొత్త చొక్కా వేసుకుని వెళ్లినా గుమ్మం అవతలే.

ఆదాయం పెరిగితే పేదరికం పోతుంది. ఇది పోదు. రిజర్వేషన్ దీనికి పెట్టారు. ఆ రెండిటినీ ఒకే తక్కెడలో పెడితే మా లెక్క ఎప్పటికీ తేలదు.

రాయగడ_రైలు
ఈ పోస్టుకి నమస్కారం తమ్ముడూ.

గుణుపురం_గురు
బాబూ, నువ్వు చెప్పింది నిజం. మా ఇంట్లో ఆకలి ఉంది కానీ అవమానం లేదు. అయినా ఆకలి ఆకలే, దానికీ ఒక దారి ఉండాలి అనే మాట మీదే నేనున్నాను.

పలాస_జీడి
నా ప్రశ్న ఇంకోటి. అన్ని కోటాలూ తీసేసి ఒక్క ఆదాయం మీదే ఇస్తే ఏమవుతుంది? ఎస్సీల్లో పేదలు ఎక్కువ కదా, పట్టు గారి లెక్క ప్రకారమే. అప్పుడు వాళ్లకే ఎక్కువ వస్తాయి కదా? మా అక్క అమెరికాలో ఉంటుంది, అక్కడ ఇదే వాదన నడుస్తోందట.

బరంపురం_పట్టు
రావు. పేదల్లో ఎస్సీ, ఎస్టీలు ఎక్కువే, కానీ ఆ పేదల లైన్లో కూడా ముందు నిలబడేది ఎవరు? ఇంట్లో రెండు తరాల చదువున్నవాళ్లు, ఆఫీసులో మామయ్యో బాబాయో ఉన్నవాళ్లు. ఆదాయం ఒకటే ఉన్నా చేతిలో ఉన్న పొలం, చదువు, పరిచయాలు ఒకటి కావు. అమెరికా సంగతి ఎత్తావు కాబట్టి చెబుతాను. కాలిఫోర్నియాలో 1996లో ప్రజాభిప్రాయం తీసుకుని జాతి చూసి అడ్మిషన్ ఇవ్వడం ఆపేశారు. అక్కడి యూనివర్సిటీ ఆదాయం, చదివిన బడి లాంటివి చూసి నల్లజాతి పిల్లల్ని తీసుకురావాలని ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 50 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టినా అనుకున్నంత చేయలేకపోయామని 2022లో వాళ్ల సుప్రీంకోర్టుకి రాసిచ్చింది. 2023లో ఆ కోర్టు దేశమంతా జాతి ప్రాతిపదిక తీసేసింది. మరుసటి ఏడాదే ఎంఐటీలో నల్లజాతి పిల్లలు 13 శాతం నుంచి 5 శాతానికి పడిపోయారు.

పలాస_జీడి
సరే అన్నా, అర్థమైంది.

ఇచ్ఛాపురం_అక్క
అమెరికా ఎందుకు, మన పాత గంజాం జిల్లా చాలు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1921లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం కమ్యూనల్ జీవో, అంటే ఉద్యోగాలు కులాల, మతాల వారీగా పంచే ఉత్తర్వు, తెచ్చింది. 1927లో దాన్ని 12 ఉద్యోగాల వరసగా మార్చారు. బ్రాహ్మణేతర హిందువులకి 5, బ్రాహ్మణులకి 2, ముస్లింలకి 2, క్రైస్తవులు ఆంగ్లో ఇండియన్లకి 2, అణగారిన కులాలకి 1. అందులో ఆదాయం అనే మాటే లేదు. జమీందారు కొడుకైనా బ్రాహ్మణేతరుడే. ఎందుకంటే కచేరీలో కుర్చీలన్నీ ఒకే కులం చేతిలో ఉన్నాయన్నది అప్పటి ఫిర్యాదు. కడుపు నింపడానికి వేరే పథకాలు ఉండాలి, కుర్చీ పంచడానికి ఇది.

సవర_మాస్టారు
కుర్చీ మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తాను. గజపతి జిల్లా కొండల్లో బడి నాది. జిల్లాలో సగానికి పైగా గిరిజనులం. కిందికి దిగి ఏ ఆఫీసుకి వెళ్లినా కౌంటర్ అవతల మా మనిషి కనబడటం అరుదు.

మా ఊరి ముసలమ్మ ఒకామె పెన్షన్ ఆగిపోయి ఆఫీసుకి వెళ్లింది. ఆమెకి సవర తప్ప ఏదీ రాదు. క్లర్కు ఒడియాలో అడుగుతాడు, పక్కన ఉన్నవాళ్లు తెలుగులో చెబుతారు, ఆమె తల ఊపుతుంది. ఏ కాగితం మీద వేలిముద్ర వేయించారో ఆమెకి తెలియదు. తర్వాత ఆ ఆఫీసుకి ఒక సవర కుర్రాడు క్లర్కుగా వచ్చాడు, ఎస్టీ కోటాలోనే. ఇప్పుడు కొండ మీద నుంచి ఆడవాళ్లు ధైర్యంగా వెళ్తున్నారు. కాగితం చదివి వినిపిస్తాడు, తప్పు పేరు పడితే దిద్దుతాడు. ఆ కుర్రాడి తండ్రి మా బడిలోనే టీచరు, అంటే ఆదాయం చూస్తే వాడు పేదవాడు కాదు. ఆదాయం కోటా పెట్టి ఉంటే ఆ కుర్చీలోకి ఇంకెవరో పేద కుర్రాడు వచ్చేవాడు. మంచివాడే వచ్చి ఉండొచ్చు. ముసలమ్మతో మాట్లాడగలిగేవాడా?

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకుని మా పిల్లలకి బడి పెట్టారు. వందేళ్లు దాటింది. బయటివాడు వచ్చి మా భాష నేర్చుకునే దాకా మేము ఎదురు చూడక్కర్లేదు, మా పిల్లలే ఆ కుర్చీలో ఉండాలి. ప్రాతినిధ్యం అంటే నాకు అదే.

పాతపట్నం_గుంటడు
మాస్టారూ, మరి టీచర్ల పిల్లలకే మళ్లీ మళ్లీ వస్తే కొండ మీద పోడు చేసుకునేవాడి కొడుక్కి ఎప్పుడు? ఎస్టీల్లో కూడా క్రీమీలేయర్, అంటే బాగా ఉన్నవాళ్లని కోటా నుంచి తీసేసే రూలు, పెట్టాలని సుప్రీంకోర్టు అన్నది కదా?

జయపురం_వకీలు
సరిచేస్తాను. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల బెంచి ఎస్సీల్లో ఉపవర్గీకరణ (కోటాని లోపలి గుంపులకి విడగొట్టడం) చేయొచ్చని తీర్పిచ్చింది, ఆరుగురు అవునని, ఒకరు కాదని. క్రీమీలేయర్ కూడా ఉండాలని గవాయ్ గారితో కలిపి నలుగురు అభిప్రాయం రాశారు. అది తప్పనిసరి ఆదేశం కాదు. కేంద్ర క్యాబినెట్ ఆ నెలలోనే ఎస్సీ, ఎస్టీలకి క్రీమీలేయర్ పెట్టబోమని చెప్పింది.

ఆది_ఆంధ్ర_బిడ్డ
వర్గీకరణ అంటే నేను మద్దతు. ఏపీలో 2025లో రెల్లి గ్రూపుకి 1, మాదిగ గ్రూపుకి 6.5, మాల గ్రూపుకి 7.5 శాతం చేశారు. ఇచ్ఛాపురంలో ఉన్న మా మేనత్త పిల్లలకి ఆ ఒక్క శాతంలో ఒక దారి దొరికింది. ఇక్కడ బరంపురంలో మేము ఎస్సీలందరితో కలిసి ఒకే గుంపు. ఎస్సీ కోటా ఉన్నా రెల్లి వాళ్లు గుమాస్తా కుర్చీ దాకా వచ్చింది చాలా తక్కువ, చీపురు పోస్టులకి మాత్రం మేమే. వెనకబడిన గుంపుని గుర్తించడానికి ఇది సరైన దారి, ఎందుకంటే ఏ కులం లోపలికి రాలేదో అదే చూస్తుంది. క్రీమీలేయర్ వేరు. దాంట్లో మా నాన్నలాంటి పర్మనెంట్ కార్మికుడి పిల్లల్ని బయటికి పంపి, వాళ్ల చోట అర్హుడు దొరకలేదని పోస్టు ఖాళీగా ఉంచితే ఎవరికి లాభం?

సవర_మాస్టారు
సరిగ్గా ఇదే నా భయం. బ్యాక్‌లాగ్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. చదివిన కొద్దిమందిని కూడా ఆదాయం పేరుతో తీసేస్తే కుర్చీ మళ్లీ ఖాళీయే. గుంటడు బాబూ, పోడు రైతు కొడుకు గురించి నువ్వు అడిగింది న్యాయమే. వాడికి కావలసింది హాస్టలు, ఐదో తరగతి దాకా సవరలో చెప్పే టీచరు. అవి ఇవ్వకుండా నా కొడుకు సీటు తీసినంత మాత్రాన వాడికి రాదు. వాడు పరీక్ష దాకా రావాలి కదా ముందు.

పాతపట్నం_గుంటడు
ఒకే హాస్టల్లో ఉన్న ఇద్దరిలో, టీచరు కొడుకు ఒకడు, పోడు కొడుకు ఒకడు అయితే, రెండోవాడికి కొన్ని మార్కులు కలిపితే తప్పేమిటి? కోటా లోపలే. పోస్టు బయటికి పోదు.

సవర_మాస్టారు
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. ముందు పోడు పిల్లాడికి ఇచ్చి, వాడు లేకపోతే టీచరు కొడుక్కి. కుర్చీ మాత్రం మా కొండ దాటి పోకూడదు.

గుణుపురం_గురు
ఓబీసీ క్రీమీలేయర్‌లో ఉన్న తేడా కూడా చెప్పండి. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షలు లెక్కిస్తారు. ఓబీసీకీ 8 లక్షలే, కానీ అందులో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. మా రూలే కఠినం.

జయపురం_వకీలు
గురుగారు చెప్పింది నిజం. ఓబీసీలో తల్లిదండ్రుల హోదా చూస్తారు, నేరుగా గ్రూప్ ఎలో చేరిన అధికారి పిల్లలైతే ఆదాయంతో పనిలేకుండా బయటికే. మిగతా ఆదాయం వరసగా మూడేళ్లు చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో ముందటి ఒక్క ఆర్థిక సంవత్సరమే. ఆ ఒక్క ఏడాది చూడటంలోనే మోసానికి దారి ఉంది.

ఇచ్ఛాపురం_అక్క
దారి కాదు వకీలు గారూ, సింహద్వారం. మా సరిహద్దులో ఇల్లు ఒడిశాలో, పొలం ఏపీలో ఉన్న కుటుంబాలు ఎన్ని లేవు! ఒడిశాలో ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) అక్కడి భూమి రికార్డు భూలేఖ్‌లో చూస్తే సెంటు కనబడదు. ఏపీ రికార్డు మీభూమిలో ఎనిమిదెకరాల జీడితోట కనబడుతుంది. ఎవరు కలిపి చూస్తారు? అదే సమయంలో ఐదెకరాల మెట్ట చెలక ఒక్కటే ఉన్న రైతుకి సర్టిఫికెట్ రాదు, వాన లేకపోతే అందులో గడ్డి కూడా మొలవదు. రెండు రాష్ట్రాల రెవెన్యూ రికార్డులూ కలిపి చూసేదాకా మా దగ్గర ఈ కోటా నిజమైన పేదవాడికి చేరదు.

రాయగడ_రైలు
ఒడిశా ప్రభుత్వ ఉద్యోగమైతే దీనికి ముందు ఒడియా ఎం.ఈ. స్టాండర్డ్ (ఏడో తరగతి స్థాయి) పాస్ కావాలి. తెలుగు మీడియంలో చదివిన పేదపిల్ల అక్కడే ఆగిపోతుంది. డబ్బున్నవాళ్లు ఒడియాకి ట్యూషన్ పెట్టించుకుంటారు.

సవర_మాస్టారు
ఒడిశా కాలేజీ సీట్ల సంగతి కూడా రికార్డులో ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో ఎస్టీలు 22.85 శాతం, ఎస్సీలు 17.13. ఉద్యోగాల్లో మాకు 22.5, ఎస్సీలకి 16.25. కానీ ఇంజనీరింగ్, మెడికల్ సీట్లలో ఏళ్ల తరబడి 12, 8 మాత్రమే ఇచ్చారు. 2025 మేలో కాలేజీలకి 22.5, 16.25 చేసి, వెనకబడిన కులాలకి మొదటిసారి 11.25 ఇచ్చినప్పుడు కూడా ఇంజనీరింగ్, మెడికల్‌ని పక్కన పెట్టారు. జనాభా ప్రకారం మాకు రావలసింది ఇవ్వడానికి దశాబ్దాలు పట్టింది. ఆదాయం కోటాకి మాత్రం పార్లమెంటులో బిల్లు పెట్టిన వారంలోపే పాసైంది. ఎవరి కోసం ఎవరు పరిగెత్తారో కనబడుతోంది.

గుణుపురం_గురు
కేంద్ర విద్యాసంస్థల్లో అయితే సీట్లు 25 శాతం దాకా పెంచి ఈ కోటా ఇచ్చారు మాస్టారూ. అక్కడ ఎవరి సీటూ తీయలేదు.

బరంపురం_పట్టు
కాలేజీల్లో అవును. ఉద్యోగాల్లో పెంచలేదు, ఓపెన్‌లోంచే తీశారు. పోస్టులు కూడా అలాగే పెంచి ఉంటే నేను ఇంత లెక్క రాసేవాణ్ని కాదు.

నా మాట ఇది. ఆదాయం ప్రాతిపదిక ఉండనివ్వండి, కానీ అన్ని కులాల పేదలకీ తెరవండి. లేదా ఓపెన్‌ని మళ్లీ 50.5 చేసి, పేద అగ్రకులాలకి ఫీజులు, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు ఇవ్వండి. ఓబీసీ గీత దగ్గర నిలబడ్డ పిల్లని తోసేసి ఇంకో పిల్లాడికి అన్నం పెట్టక్కర్లేదు, ఇద్దరికీ పెట్టే దారి ఉంది.

ఆది_ఆంధ్ర_బిడ్డ
అన్ని కులాలకీ తెరిస్తే మా ఎస్సీ కోటాని అందులో కలిపేస్తామని ఇంకొకరు బయల్దేరతారు. నేను ఆ మొదటి దారికి ఒప్పుకోను. రెండోది సరే.

గుణుపురం_గురు
రెండోదాంట్లో ఉద్యోగం రాదు. స్కాలర్‌షిప్ ఇస్తారు, ఉద్యోగానికి మళ్లీ కోచింగ్ ఉన్నవాడితోనే పోటీ. నేను మొదటి దారికి ఓటేస్తాను, పరిమితి 8 నుంచి 3 లక్షలకి తగ్గించి. అప్పుడు మాస్టారి శిష్యురాలూ వస్తుంది, మా తమ్ముడూ వస్తాడు. షాపు కుర్రాడు రాడు.

మహేంద్రతనయ
గురుగారూ, మీరు ఈ మాట అంటారని నేను అనుకోలేదు. ఈ పోస్టు ఆ అమ్మాయికి చూపిస్తాను. ఆదిఆంధ్ర బాబు భయం కూడా కాదనలేను. ఎస్సీ కోటాకీ ఆదాయం కోటాకీ మధ్య గోడ చట్టంలో గట్టిగా ఉంటే తప్ప తెరవకూడదు.

ఇప్పుడు ఆమెకి చేయాల్సిన పని చెప్పండి. మళ్లీ నోటిఫికేషన్ పడింది. ఆమె దగ్గర ఎస్ఈబీసీ (ఒడిశా వెనకబడిన వర్గాల) సర్టిఫికెట్ ఉంది. అది సరిపోతుందా?

జయపురం_వకీలు
సరిపోదు. ఎస్ఈబీసీ ఒడిశా రాష్ట్రానికి. కేంద్ర పరీక్షకి కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరేగా కావాలి, కేంద్రం ఇచ్చిన నమూనాలోనే. కులం పేరు కేంద్ర జాబితాలో ఏ స్పెల్లింగ్‌తో ఉందో అక్షరం తేడా లేకుండా చూసుకోండి, తెలుగు ఇళ్లలో స్కూలు రికార్డులో ఒకటి, పట్టాలో ఒకటి ఉంటుంది. దరఖాస్తు చివరి తేదీకి ముందే చేతిలో ఉండాలి.

రాయగడ_రైలు
తండ్రి ఆటో పర్మిట్ కాగితం, రేషన్ కార్డు, పాత టీసీ కూడా పెట్టమనండి. ఆర్.ఐ. ఎంక్వయిరీకి వచ్చే రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, లేకపోతే ఫైలు వెనక్కి వెళ్తుంది.

ఇచ్ఛాపురం_అక్క
మాస్టారూ, ఫారం నింపాక అప్‌లోడ్ చేసేముందు నాకు పంపించండి, స్పెల్లింగులు నేను చూస్తాను. మీసేవలో ఇదే పని చేస్తున్నాను.